తానీషా ప్రభువు

తోట్లవల్లూరు, మొవ్వ, బందరు ప్రాంతముల వారికి కూచిపూడి క్రొత్త పేరు కాదు. ఆ గ్రామమును భాగవతులకు అగ్రహారముగ నొసగినవాడు గోలకొండ నేలిన మహమ్మదీయ ప్రభువని మన పెద్దలు చెప్పుకొనుచు వచ్చిరి. 1678వ సంవత్సర ప్రాంతమున ఆయన బందరునకు వచ్చిన మాట నిజము. వారి ఆట చూచి మెచ్చి ఊరిచ్చెననుట జనశ్రుతి. జనులు తమ మతమువాడు కాని రాజు నిట్లు తలచుకొనుట సామాన్యము కాదు గనుక, ఆతని చరిత్రమును కొంత విచారింతము.

అబుల్ హసన్ కుతుబ్‌షా రాజవంశ సంబంధి యయ్యును సింహాసనమున కాశపడి పెరిగినవాడు కాడు. యౌవనమున బహుకాలము షా రాజు అను సూఫీ గురువు నాశ్రయించి, ఫకీరుల నడుమ గడపెను. తానీషా యను పేరు గురువిచ్చినదే యందురు. అబ్దుల్లా కుతుబ్‌షా తన కూతు నాతనికిచ్చి పెండ్లి చేసెను. మామ మరణానంతరము 1672లో రాజ్యము లభించెను.

ఈయన మతవిషయమున క్రొత్త శాసనములు ప్రకటించినవాడు కాడు. చేసిన సంస్కారమంతయు ఒక్క నియామకములో నున్నది. మాదన్న యను బ్రాహ్మణుని ప్రధానిగ జేసి, ఆతని యన్న అక్కన్నకును అధికారమిచ్చెను. 1677లో శివాజీ హైదరాబాదునకు రాగా నాతనితో సంధి చేసికొనెను. 1679లో ఔరంగజేబు తన రాజ్యమున హిందువులపై జిజియా పన్ను మరల విధించెను. ఆ కాలముననే గోలకొండలో హిందువు రాజ్యతంత్రము నడపుచుండెను. ఈ భేదమును చదువరులు గమనింపవలెను.

మాదన్న దోషరహితుడు కాడు. బంధువులను పదవులలో నిలిపెను; ఆతని పన్నుల పద్ధతిని గూర్చి తీరమునందలి వర్తకులు మొరపెట్టిరి. ఆతని మేనల్లుడని చెప్పబడు కంచెర్ల గోపన్న, భద్రాచల రామదాసు, సర్కారు సొమ్ముతో ఆలయము కట్టించి చెరసాల పాలయ్యెను. అద్భుతముల మాట యటుండనిండు. ఆ శిక్ష ధనము నిమిత్తమే గాని మతద్వేషము వలన గాదు. మేనమామ ప్రధానిగ నున్న కొలువులో మతద్వేషమునకు చోటెక్కడ?

ఢిల్లీ చక్రవర్తికి గోలకొండ ధనముపై కన్నుండెను. అయినను ఆతడు మోపిన నేరములలో ముఖ్యమైనది బ్రాహ్మణుల చేతికి రాజ్యమిచ్చుట. శంభాజీకి ధనసహాయము చేయుట మరియొకటి. ముసల్మాను రాజులపై దండెత్తుట ధర్మమని చెప్పుటకు ఆ చక్రవర్తి ప్రధాన ఖాజీయే సమ్మతింపక పదవి వదలెను. మతము పేరు చెప్పిన యా యుద్ధమును మతము తెలిసినవాడే యొప్పుకొనకపోవుట విశేషము.

1685లో మొగలు సేన హైదరాబాదును దోచెను. సోదరులను తొలగింతునని తానీషా యొప్పుకొని, చేయక కాలము గడపెను. ఈ సందిగ్ధమే ఆతని జీవితమున పెద్ద లోపమని నా తలంపు. వారిని విడువడు, కాపాడడు. 1686 మార్చిలో దర్బారునుండి యింటికి మరలుచున్న యన్నదమ్ములను గోలకొండ వీథిలో నరికిరి. వారి తలలలో నొకటి మొగలుల శిబిరమునకు బోయెను. అంతఃపుర స్త్రీల ప్రేరణచే రాజున కెరుక లేకయే జరిగెనని వ్రాసిరి. ఎరుక లేకుండుటయు రాజునకు నింద గాకపోదు.

ఆ బలితోను చక్రవర్తికి తృప్తి కలుగలేదు. 1687లో ఎనిమిది మాసములు కోట ముట్టడింపబడెను. ఫిరంగులకు లొంగని కోట లంచమునకు లొంగెను. సెప్టెంబరులో నొకరాత్రి, కొలువులోని సర్దారొకడు ద్వారము తెరపించెను. అబ్దుల్ రజాక్ లారీ యొక్కడు ఒడలెల్ల గాయములగు వరకు పోరాడెను. మొగలు సేనానులు రాజమందిరము సొచ్చినప్పుడు తానీషా కలత చెందక వారిని కూర్చుండ బెట్టి, తాను భోజనము ముగించి వారి వెంట కదలెనట. ఫకీరుల కడ నేర్చిన పాఠమేదో అప్పటికి మిగిలియుండెను కాబోలు!

ఏటికి ఏబదివేల రూపాయల భరణముతో దౌలతాబాదు కోటలో బందీయై, సుమారు పండ్రెండేండ్లు బ్రదికి, పదునేడవ శతాబ్ది ముగియు వేళ మరణించెను. గోలకొండ కడ పూర్వుల గుమ్మటముల చెంత గాక, ఖుల్దాబాదులో ఖననము చేయబడెను. ఔరంగజేబు సమాధియు ఆ యూరనే యున్నది.