సంజీవయ్యను నిజాయితీ కథతోనే సరిపెట్టొద్దు

ఏటా ఫిబ్రవరి 14న దామోదరం సంజీవయ్య విగ్రహాలకు దండలు పడతాయి. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి అని చెబుతారు. పెద్ద పదవుల్లో ఉండి కూడా ఆస్తి వెనకేసుకోలేదని మెచ్చుకుంటారు. సభ అయిపోతుంది. ఆ నిజాయితీని మేం తక్కువ చేయడం లేదు. కానీ ఆయన ఎంత పేదగా బతికారో చెప్పి, పేదలకు ఏం చేశారో చెప్పకుండా దాటేయడంలో రాజకీయం ఉంది. తాను ఏమీ ఉంచుకోని దళిత నాయకుడు అందరికీ నచ్చుతాడు. దళితుల చేతికి భూమి ఇచ్చిన నాయకుడి మాట వచ్చేసరికి చాలామందికి గొంతు పెగలదు. పత్తి, మిరప పొలాల మధ్య దాచేపల్లి నుంచి రాస్తున్న మాకు ఈ రెండో సంజీవయ్యే కావాలి.

ఆయన 1921లో కర్నూలు జిల్లా పెద్దపాడులో మాల కుటుంబంలో పుట్టారు. అదే ఏడాది మా పల్నాడులో అడవి పుల్లరి మీద జనం తిరగబడ్డారు. పశువులు మేపుకున్నందుకు పన్ను కట్టబోమన్నారు. మరుసటి ఏడు మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. భూమి ఎవరిది, అడవి ఎవరిది అన్న ప్రశ్న రగులుతున్న కాలంలో, సెంటు భూమి లేని ఇంట్లో సంజీవయ్య కళ్ళు తెరిచారు. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి మునయ్య చనిపోయారు. తల్లి సుంకులమ్మ పిల్లలతో పుట్టింటివాళ్ళ నీడన చేరింది.

కర్నూలు మున్సిపల్ హైస్కూల్లో చదివి, అనంతపురం దత్తమండల కళాశాలలో బీఏ పూర్తి చేశారు. డిగ్రీ చేతికొచ్చినా చిన్నచిన్న గుమాస్తా పనులే దొరికాయి. ఆ తర్వాత మద్రాసు వెళ్ళి లా చదివారు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచి, రాజాజీ మంత్రివర్గంలో చేరేనాటికి ఆయనకు 31 ఏళ్ళు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా మంత్రిగా ఉన్నారు.

1960లో నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్ళడంతో ముఖ్యమంత్రి కుర్చీ ఖాళీ అయింది. జనవరి 11న సంజీవయ్య ప్రమాణం చేశారు. అప్పటికి 39 ఏళ్ళు కూడా నిండలేదు. పార్టీ అంతా పెద్ద భూములున్న కులాల నాయకుల గుప్పిట్లో ఉంది. ముఠాలు పక్కనే కాచుకుని ఉన్నాయి. ఎంతకాలం ఉండనిస్తారో తెలియని కుర్చీ అది. అక్కడ కూర్చుని ఆయన ముందుగా చూసింది ప్రభుత్వ చేతిలోనే ఉన్న బంజరు వైపు.

ఇక్కడ విద్యార్థి మిత్రులు ఒక తేడా గమనించాలి. భూమి పంచడానికి రెండు దారులున్నాయి. ఒకటి, భూస్వామి దగ్గరున్న మిగులు తీసుకుని పంచడం. దానికి చట్టం కావాలి, లెక్కలు కావాలి, కోర్టుల్లో నెగ్గాలి. రెండోది, ప్రభుత్వ బంజరును భూమిలేని పేదకు పట్టా చేయడం. దానికి రెవెన్యూ నిబంధనలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కావాల్సిందల్లా పైనున్నవాడి పట్టుదల. సంజీవయ్య హయాంలో సుమారు 6 లక్షల ఎకరాల బంజరు పేదలకు పంచారని చెబుతారు.

మొదటి దారి కూడా ఆయన కాలంలోనే మొదలైంది. 1961లో భూపరిమితి చట్టం వచ్చింది. కానీ అందులో భూమి తరగతిని బట్టి పరిమితి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంది. అంత ఎత్తున గీసిన గీత ఎవరికి తగులుతుంది? పైగా కుటుంబంలో పంపకాలు చూపించి తప్పించుకునే సందులున్నాయి. చివరికి 1973లో ఇంకో చట్టం తేవాల్సి వచ్చింది. దళితుడు ముఖ్యమంత్రి అయినంత మాత్రాన శాసనసభ దళితులది కాదని ఆ చట్టమే చెబుతుంది. అసెంబ్లీలో బేరమాడాల్సిన చోట చేతికి దక్కింది కొంచెమే. ప్రభుత్వం సంతకంతో అయ్యే చోట లక్షల ఎకరాలు కదిలాయి.

ఆ రెండేళ్ళలోనే రాష్ట్రంలో వృద్ధాప్య పింఛన్లు మొదలయ్యాయి. 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. ఈరోజు ప్రతి పార్టీ తనదేనని చెప్పుకునే పింఛను వెనక ఒక దళిత ముఖ్యమంత్రి ఉన్నారని గుర్తుచేయాల్సిన బాధ్యత మనదే.

1962 ఎన్నికల్లో కాంగ్రెస్ మళ్ళీ గెలిచింది. సంజీవయ్య మాత్రం ముఖ్యమంత్రిగా కొనసాగలేదు. సంజీవరెడ్డి తిరిగొచ్చారు. సంజీవయ్యను అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చేశారు. గౌరవం పెరిగిందన్నారు గానీ, పట్టా మీద సంతకం పెట్టే అధికారం పోయింది. 1964లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఆయన ఉండగానే 1965లో బోనస్ చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ కార్మికుడికి కనీస బోనస్ హక్కయింది. మిరప కోతలకు వెళ్ళే కూలీ ఆ చట్టం బయటే ఉండిపోయింది. 1972 మే 7న ఢిల్లీలో, 51 ఏళ్ళకే, కాంగ్రెస్ అధ్యక్షుడిగా రెండోసారి ఉండగా కన్నుమూశారు.

ఆయన కథ అక్కడితో ముగిసింది. పట్టాల కథ ముగియలేదు. బంజరు అంటే చాలావరకు రాళ్ళూ గుట్టలూ. దాన్ని చదును చేయాలంటే ఎద్దులు కావాలి, పెట్టుబడి కావాలి. పట్టా ఇచ్చిన ప్రభుత్వం అవి సరిగా ఇవ్వలేదు. అప్పు ఇచ్చినవాడే మెల్లగా పొలంలోకి దిగాడు. ఆంధ్ర ప్రాంతంలో 1954 నుంచి ఇచ్చిన పట్టాల్లో అమ్మకూడదన్న షరతు ఉంది. అయినా తెల్లకాగితం మీద రాతకోతలు ఆగలేదు. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. చేయి మారిన భూమిని వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకు ఇవ్వొచ్చని అది చెప్పింది. పట్టా ఇంట్లో ట్రంకు పెట్టెలో, పొలం ఇంకొకరి సాగులో ఉన్న కుటుంబాలకు ఆ చట్టమే ఆధారం.

2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టాన్ని సవరించారు. 20 ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమిని అసలు లబ్ధిదారులు అమ్ముకోవచ్చన్నారు. అందరు రైతులకూ ఉన్న హక్కు దళిత రైతుకు ఎందుకు ఉండకూడదని అడిగేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ అప్పుల్లో ఉన్నవాడి అమ్మకం ఎంత స్వేచ్ఛగా జరుగుతుందో పత్తి, మిరప రైతులను చూసిన మాకు తెలుసు. అమ్ముకునే హక్కు కంటే ముందు నిలబెట్టుకునే శక్తి రావాలి. బ్యాంకు అప్పు, నీళ్ళు, గిట్టుబాటు ధర లేకుండా ఇచ్చే స్వేచ్ఛ కొనేవాడికే ఉపయోగపడుతుంది.

అందుకే సంజీవయ్య పేరు తలిచే ప్రతి సంఘాన్నీ మేం ఒకటి అడుగుతున్నాం. మీ మాలపల్లెలో, మాదిగపల్లెలో ఎన్ని కుటుంబాలకు అసైన్డ్ పట్టా ఉంది? అందులో ఎంతమంది ఆ పొలంలోనే సాగు చేస్తున్నారు? అడంగల్‌లో ఎవరి పేరుంది? ఈ మూడు లెక్కలు ఊరూరా రాసి తహసీల్దారు ముందు పెట్టండి. విగ్రహానికి దండ ఎవరైనా వేస్తారు. ఆయన పంచిన భూమికి లెక్క అడగాల్సింది మాత్రం మనమే.