మాటల గుట్టు విప్పిన బ్రౌన్ దొర

పోయిన నెల ఇంగ్లీషు పరీక్షలో కిక్ ది బకెట్ అనే మాటకు బకెట్‌ను తన్నడం అని రాశాను. పేపర్లు ఇచ్చినప్పుడు క్లాసంతా నవ్వింది. దాని అర్థం చనిపోవడం అంట! నాకు ఏడుపొచ్చింది. మాటలన్నీ తెలిసినా అర్థం తెలియలేదు. ఇట్లాంటి వాటిని జాతీయాలు అంటారు. మనం కన్నుమూశాడు అంటే ఇంగ్లీషువాళ్లు నిద్రపోయాడు అనుకోరా? అదీ అంతే. ఈ చిక్కు విప్పడానికి 170 ఏళ్ల కిందటే ఒక దొర కష్టపడ్డారు. ఆయనే సి.పి. బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి చనిపోయాక ఇంగ్లండులో చదువుకున్నారు. 1817లో కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చి, మనలాగే అ, ఆ ల నుండి తెలుగు మొదలుపెట్టారు. 1820లో కడపకు వచ్చారు. పుస్తకాల్లో తెలుగు ఒక తీరు, కచేరీకొచ్చే జనం తెలుగు ఇంకో తీరు. ఆయన రెండూ నేర్చుకున్నారు. సొంత జీతంతో పండితులను పెట్టుకుని తాటాకుల మీది పుస్తకాలను కాగితాలకు ఎక్కించారు. అప్పులు కూడా చేశారు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అర్థాలతో అచ్చు వేయించారు.

1832–33లో గుంటూరు ప్రాంతంలో జనం తిండిలేక చచ్చిపోయారు. పైఅధికారులు దాన్ని కొరత అన్నారు. అక్కడ ఉన్న బ్రౌన్ మాత్రం కరువు అనే రాశారు. అందుకు మాట పడ్డారు. ఒక్క మాట మారిస్తే నిజమే మారిపోతుందని ఆయనకు తెలుసు.

1852, 1854 మధ్యలో ఆయన నిఘంటువులు అచ్చయ్యాయి. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు పేరులోనే ఇంగ్లీషు జాతీయాలను తెలుగులో వివరించేది అని ఉంటుంది. 1855లో ఇంగ్లండు వెళ్లిపోయారు. లండన్ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసరుగా పనిచేశారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో లైబ్రరీ ఉంది.

మా ఇంట్లో కోయ మాట్లాడతాం. తెలుగు బడికొచ్చాకే నేర్చుకున్నాను. ఇంగ్లీషు నాకు మూడోది. మా అమ్మకు చదువు రాదు గానీ ఎన్నో జాతీయాలు చెప్తుంది. అవి నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. దసరా సెలవుల్లో అమ్మను అడిగి 11 మాటలు, వాటి అర్థాలు నోటుబుక్కులో రాసుకున్నాను. మీ ఇంటి మాటలు కూడా చెప్పండి, రాస్తాను. ఎవరూ నవ్వరు.

– 9వ తరగతి విద్యార్థిని