అదనుకు నీరు

వరి పైరుకు నీరు ఎంత అవసరమో, ఆ నీరు అదనుకు అందడం అంతకంటె అవసరం. గోదావరి డెల్టా రైతుకు ఈ సంగతి అనాదిగా తెలుసు. తెలిసినా అతడు చేయగలిగినది లేదు. నిండుగా పారే నది ఒడ్డునే నారుమళ్ళు ఎండిపోయే ఆ దుస్థితిని మార్చిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. 1821లో మద్రాసు చేరి, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇంజనీరుగా కావేరి మండలంలో పనిచేశాడు. అక్కడ చోళులు కట్టిన కల్లణైను శ్రద్ధగా పరిశీలించాడు. ఇసుక పునాదిపై రాతికట్టను నిలిపే విద్య ఆయనకు అబ్బింది ఏ కళాశాలలోనూ కాదు, ఆ ప్రాచీన కట్టడం వద్దనే. 1836లో కొల్లిడం నదిపై ఎగువ ఆనకట్టను పూర్తిచేశాడు.

ఆ కాలంలోనే తెలుగు జిల్లాలు విలవిలలాడుతున్నాయి. 1832-33 నాటి నందన కరువు, 1839లో కోరంగి తీరాన్ని ముంచిన ఉప్పెన జనాన్ని హరించాయి. 1821లో ఏడు లక్షలు దాటి ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి ఐదున్నర లక్షలకు చేరువగా పడిపోయింది.

నది ఉండగా ఈ కరువు ఎందుకు? ఆనాటి కాలువలు వరద పొంగినప్పుడే పారేవి. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో నారు పోయవలసిన రైతు వరద కోసం ఎదురుచూసేవాడు. వరద ఆలస్యమైతే నాట్లు మఖ దాకా సాగేవి. నాటి దేశవాళీ సార్వా వరి రకాలకు ఒక స్వభావం ఉంది. ఎప్పుడు విత్తినా, పగటి పొద్దు తగ్గే ఆశ్వయుజ, కార్తిక మాసాలలోనే అవి ఈనుతాయి. ముందుగా నాటిన పైరు పిలకలు బాగా తొడిగి దుబ్బు కట్టి వెన్ను వేస్తుంది. ఆలస్యంగా నాటినది ఎదగకుండానే ఈనుతుంది. గింజ తగ్గుతుంది. పైగా వరద తీసిపోయి, పొట్ట దశలో కాలువ ఎండితే మిగిలేది తాలే. పగటి నిడివికీ పూతకూ గల ఈ సంబంధాన్ని శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ 1920లో వెల్లడించారు. కాటన్ కాలానికి ఆ శాస్త్రం లేదు; రైతు అనుభవమే ఉంది.

1844లో కాటన్ గోదావరిపై ఆనకట్ట కట్టాలని సూచించాడు. ఆకలిని గురించి చెబితే కదలని ప్రభుత్వానికి ఆదాయం లెక్కలు చూపి ఒప్పించవలసి వచ్చింది. 1847లో ధవళేశ్వరం వద్ద పని మొదలైంది. వేలాది కూలీలు శ్రమించారు. వారిని సమీకరించడంలోను, పని నడిపించడంలోను వీణెం వీరన్న కుడిభుజమై నిలిచాడు. ఎండదెబ్బకు కాటన్ ఆరోగ్యం చెడి 1848లో సెలవుపై ఆస్ట్రేలియా వెళ్ళాడు. ఆ వ్యవధిలో కెప్టెన్ ఆర్ పని ఆగనీయలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, సుమారు రెండుంబావు మైళ్ళ రాతికట్టడం 1852లో పూర్తయింది.

ఆనకట్ట నదిని బంధించలేదు. నీటిమట్టాన్ని కొన్ని అడుగులు పెంచి కాలువలలోకి మళ్ళించింది, అంతే. కాని ఆ కొన్ని అడుగుల వల్ల వరద తొలి పొంగుకే నారుమడి తడిసింది. ఈనిక వేళ కాలువలో నీరు మిగిలింది. రైతు నింగికేసి చూస్తూ కూర్చోవడం తగ్గి, కార్తెను బట్టి విత్తనం చల్లడం సాధ్యమైంది. కాలక్రమంలో దాళ్వా పంటకూ దారి ఏర్పడింది.

1860లో ఉద్యోగ విరమణ చేసిన కాటన్‌కు మరుసటి సంవత్సరం సర్ బిరుదు లభించింది. అయితే రైల్వేలకంటె కాలువలే భారతదేశానికి మేలని పట్టుపట్టినందుకు ఇంగ్లండులో ఆయనకు విరోధులు కూడ ఏర్పడ్డారు. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట తన పథకాలను గట్టిగా సమర్థించుకోవలసి వచ్చింది. వార్ధక్యంలోను నేలను విడిచిపెట్టలేదు. డార్కింగ్‌లోని తన ఇంటివద్ద లోతుగా తవ్విన నేలలో గోధుమ పండించి దిగుబడిని పరీక్షించేవాడు. 1899 జులై 24న ఆయన కన్నుమూశాడు. పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ నిర్మాణం 1982లో పూర్తయింది. దానికి కాటన్ పేరే పెట్టారు.