పనికి హామీ రాయించిన పాగే

షోలాపూర్, ముంబయిల్లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు జీతంలో వృత్తి పన్ను కోత తెలిసిందే. ఎందుకొచ్చిన కోత అని విసుక్కునేవాళ్లే ఎక్కువ. 1975లో ఆ పన్ను పెట్టింది పల్లెల్లో పని దొరకని కూలీల కోసం. వాళ్లకు పని హామీ ఉండాలని పట్టుబట్టిన పెద్దాయన విఠల్ సఖారామ్ పాగే.

1910లో పుట్టిన పాగేది సాంగ్లీ జిల్లా. స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్నారు. 1960 నుంచి 1978 దాకా మహారాష్ట్ర శాసనమండలి ఛైర్మన్. సభ నడిపి ఇంటికెళ్లే మనిషి కాదాయన. 1965లో సొంత జిల్లాలోని తాస్‌గావ్ తాలూకాలో, అడిగిన కూలీకి పని ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టించారు. 1972లో కరవు ముంచుకొచ్చింది. లక్షలాది రైతులు, కూలీలు ఎండలో కంకర కొట్టి పొట్ట నింపుకొన్నారు. పాగే చెప్పిందేంటో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఈ పథకం ఢిల్లీ సొమ్ము కోసం కాచుక్కూర్చోలేదు. పట్నాల్లో వృత్తి పన్ను ఎంత వసూలైతే రాష్ట్ర ఖజానా అంత కలపాలి. 1977లో చట్టం చేశారు, 1979 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఇన్ని రోజులే పని అన్న గిరి గీయలేదు.

పాగే 1990లో కన్నుమూశారు. ఆయన బాటలోనే 2005లో కేంద్రం జాతీయ ఉపాధి హామీ చట్టం తెచ్చింది. మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006లో శ్రీకారం చుట్టారు. ఇంటికి ఏడాదికి 100 రోజులు, మట్టిపని కూలి డబ్బంతా కేంద్రానిదే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం రోజుల్ని 125 చేసింది, ఖర్చులో 40 శాతం చాలా రాష్ట్రాల నెత్తిన పెట్టింది. మహారాష్ట్ర ఆనాడు పన్ను చూపించి మరీ హామీ ఇచ్చింది. ఈ 40 శాతం ఏ పన్నులోంచి తేవాలో కొత్త చట్టం చెప్పలేదు.