జిమ్ థార్ప్: పరుగు వీరుని కథ

పట్టాభిషేకము జరుగకముందే శ్రీరామునకు వనవాసము ప్రాప్తించెను. అమెరికా క్రీడావీరుడు జిమ్ థార్ప్‌నకు కిరీటము పెట్టిన పిదప దానిని తలపైనుండి తీసివేసిరి.

థార్ప్ నేటి ఓక్లహోమా రాష్ట్రమున, శాక్-ఫాక్స్ అను ఆదివాసి తెగలో జన్మించెను. అతని తెగపేరు వా-థో-హుక్. మెఱుపు వెలిగించిన బాట యని దాని భావము. చిన్నతనముననే కవల సోదరుని, పిదప తల్లిదండ్రులను కోల్పోయెను. 1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలలో చేరెను. ఆదివాసి బాలుర జుట్టు కత్తిరించి, మాతృభాష మాన్పించి, తెల్లవారి రీతులు నేర్పుటకై ప్రభుత్వము నడపిన విద్యాలయ మది. అచ్చట పాప్ వార్నర్ అను శిక్షకుడు అతనికి క్రీడలలో తర్ఫీదు నిచ్చెను.

అమెరికా ఫుట్‌బాల్ భారతదేశమున ఆడెడి ఫుట్‌బాల్ కంటె వేఱు. ఆటగాడు బంతిని చంకనిఱికించుకొని, తన్ను నేలగూల్ప వచ్చు ప్రత్యర్థులను తప్పించుకొని పరుగెత్తవలెను. ఈ పని చేయు హాఫ్‌బ్యాక్ స్థానమున థార్ప్‌నకు సాటి లేకుండెను. 1911లో అతని బలముచే కార్లైల్ జట్టు ప్రసిద్ధమైన హార్వర్డ్ జట్టును 18-15తో ఓడించెను. 1912 నవంబరులో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలను 27-6తో గెలిచెను. ఆనాడు అతనిని నిలువరింప యత్నించినవారిలో భావి అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ఒకడు.

అదే సంవత్సరము వేసవిలో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో థార్ప్ పెంటథ్లాన్, డెకథ్లాన్ రెండింటను స్వర్ణ పతకములు గెలిచెను. కాని 1909, 1910 వేసవులలో కొద్దిపాటి వేతనమునకు బేస్‌బాల్ ఆడినాడను కారణమున 1913లో ఆ పతకములను లాగుకొనిరి. ఆక్షేపణము క్రీడలు ముగిసిన 30 దినములలో రావలెనని నియమము; వచ్చినది ఆఱు మాసములకు. నియమము పేర శిక్షించినవారే నియమమును విస్మరించిరి.

పతకములు పోయినను పరుగు పోలేదు. 1915లో ఒహాయో రాష్ట్రపు కాంటన్ జట్టు ఆటకు 250 డాలర్ల వంతున అతనిని చేర్చుకొనెను. ఆ రోజులలో అది పెద్ద మొత్తము. అతనిని చూచుటకై జనము తండోపతండములుగా వచ్చుచుండిరి. 1920లో కొన్ని వృత్తి జట్లు కలిసి యొక సంఘముగా నేర్పడి, అతనినే ప్రథమాధ్యక్షునిగా నెన్నుకొనెను. నేటి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఆ సంఘమే. 1922, 1923లలో ఆదివాసి క్రీడాకారులతోనే కూడిన ఊరాంగ్ జట్టును నడపెను. ఆ జట్టు యజమాని కుక్కల వ్యాపారి. తన సరకు ప్రకటనకే జట్టును పోషించెను. 1928లో థార్ప్ ఆట విరమించెను.

పిదప వచ్చినది దారిద్ర్యము. ఒకప్పుడు పలుగు పార పట్టి మట్టి త్రవ్వెను. చలనచిత్రములలో చిల్లర వేషములు వేసెను. 1950లో అమెరికా పాత్రికేయులు అతనిని అర్ధశతాబ్దపు మేటి క్రీడాకారునిగా నెన్నుకొనిరి. 1953 మార్చి 28న, పతకములు తిరిగి చూడకయే, కన్నుమూసెను.

1982లో ఒలింపిక్ సంఘము తీర్పును సవరించి, మఱుసటి సంవత్సరము నకలు పతకములను అతని సంతానమున కిచ్చెను. అయినను విజేతలలో ఒకనిగా మాత్రమే అతని పేరు వ్రాసెను. ఏకైక విజేతగా గుర్తించినది 2022లో. మైదానమున నెవ్వరికిని చిక్కని ఆ వీరుని చేరుటకు న్యాయమునకు 110 సంవత్సరములు పట్టెను.