అలన్ బ్లమ్‌లైన్

అలన్ డవర్ బ్లమ్‌లైన్ (1903 జూన్ 29 - 1942 జూన్ 7) సుప్రసిద్ధ ఆంగ్లేయ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, స్టీరియో ధ్వని విధానానికి ఆద్యుడు. టెలిఫోను, శబ్దముద్రణ, టెలివిజన్, రాడార్ రంగాలలో కృషిచేసి, 38 సంవత్సరాల జీవితకాలంలో 128 పేటెంట్లు పొందాడు. వినేవారికి ధ్వని ఏ దిక్కునుండి వస్తున్నదో తెలిసేలా చేసే విధానాన్ని ఈయన 1931లోనే రూపొందించాడు. అయితే అది సామాన్య శ్రోతలకు అందేనాటికి ఈయన మరణించి పదిహేను సంవత్సరాలు దాటింది. 1990వ దశకంలో వచ్చిన కంప్యూటర్ సౌండ్ కార్డులలోని 3డి ధ్వని సౌకర్యాలకు కూడా ఈయన సూత్రాలు పునాదిగా నిలిచాయి.

బాల్యము, విద్యాభ్యాసము

బ్లమ్‌లైన్ లండన్ నగరంలోని హాంప్‌స్టెడ్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి సెమ్మీ బ్లమ్‌లైన్ జర్మనీలో పుట్టి బ్రిటిష్ పౌరసత్వం స్వీకరించాడు. తల్లి జెస్సీ డవర్. ఏడేళ్ళ వయసులో ఇంటి తలుపు గంటను బాగుచేసి, ఎలక్ట్రికల్ ఇంజనీరునని సంతకం చేసి తండ్రికి బిల్లు ఇచ్చాడని చెబుతారు. పన్నెండేళ్ళ వరకు ఈయనకు చదవడం సరిగా రాలేదని, గణితంలో మాత్రం వయసుకు మించిన ప్రజ్ఞ చూపేవాడని కుటుంబసభ్యుల కథనం. హైగేట్ పాఠశాలలోను, తరువాత లండన్‌లోని సిటీ అండ్ గిల్డ్స్ కళాశాలలోను చదివి, 1923లో ప్రథమ శ్రేణిలో పట్టభద్రుడయ్యాడు.

ఉద్యోగ జీవితము

1924లో ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరాడు. దూరప్రాంత టెలిఫోను కేబుళ్ళలో ఒక జత తీగలలోని సంభాషణ పక్క జతలో వినబడే లోపాన్ని తగ్గించడానికి అక్కడ కృషిచేశాడు. 1929లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీకి మారాడు. ఆ కాలంలో గ్రామఫోను రికార్డులను చెక్కే యంత్రంపై అమెరికాలోని బెల్ సంస్థకు పేటెంటు ఉండేది. ఆ పేటెంటు పరిధిలోకి రాని కొత్త యంత్రాన్ని, కదిలే తీగచుట్ట ఆధారంగా, బ్లమ్‌లైన్ తయారుచేశాడు.

1931లో కొలంబియా కంపెనీ, గ్రామఫోన్ కంపెనీతో విలీనమై ఇ.ఎం.ఐ. సంస్థ ఏర్పడింది. గ్రామఫోన్ కంపెనీ అనగా కుక్క బొమ్మగల హెచ్.ఎం.వి. రికార్డుల ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన సంస్థ.

స్టీరియో ఆవిష్కరణ

1931లో భార్య కాబోయే డోరీన్ లేన్‌తో కలిసి సినిమా చూస్తున్నప్పుడు ఈయనకు ఈ ఆలోచన కలిగిందని ప్రతీతి. నటుడు తెరపై ఒక ప్రక్కన కనిపిస్తుండగా మాట మాత్రం ఒకే లౌడ్‌స్పీకరు ఉన్న చోటునుండి వినబడటం ఈయనకు అసహజంగా తోచింది.

మనిషి ధ్వని దిశను రెండు చెవుల సాయంతో గుర్తిస్తాడు. ఉదాహరణకు పలాస స్టేషను ప్లాట్‌ఫారంపై కళ్ళు మూసుకొని నిలబడిన ప్రయాణికుడు కూడా రైలు ఇచ్ఛాపురం వైపునుండి వస్తున్నదో, విశాఖపట్నం వైపునుండి వస్తున్నదో చెప్పగలడు. రైలుకు దగ్గరగా ఉన్న చెవికి ధ్వని లిప్తకాలం ముందుగా చేరుతుంది. కొంత బిగ్గరగా కూడా వినబడుతుంది.

రెండు లౌడ్‌స్పీకర్ల ముందు కూర్చున్నప్పుడు ఒక్కొక్క చెవికి రెండు స్పీకర్ల ధ్వనీ చేరుతుంది. అందువలన రెండు స్పీకర్ల మధ్య ధ్వని బలంలో తేడా కల్పిస్తే, తక్కువ పౌనఃపున్యాలలో అది చెవుల వద్ద కాలభేదంగా మారుతుందని బ్లమ్‌లైన్ గ్రహించాడు. ఈ సూత్రము స్టీరియోకు ప్రాణం వంటిది. 1931 డిసెంబరు 14న దాఖలు చేసిన పేటెంటులో (సంఖ్య 394,325) ఈయన 70 అంశాలు పొందుపరచాడు. వాటిలో ముఖ్యమైనవి:

* ఒకదానికొకటి లంబంగా అమర్చిన రెండు మైక్రోఫోన్లు. వీటిని నేడు బ్లమ్‌లైన్ జంట అంటారు.
* రికార్డుపై ఒకే గాడిలో రెండు గోడలపై రెండు ధ్వనులను ముద్రించే పద్ధతి.
* రెండు ధ్వనుల మొత్తాన్ని, భేదాన్ని విడదీసి, భేదాన్ని సవరించి తిరిగి కలిపే సర్క్యూట్.

1934లో లండన్‌లోని అబ్బీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నిర్వహణలో మోజార్ట్ రచించిన జూపిటర్ సింఫనీని ఈ పద్ధతిలో ముద్రించారు. 1935లో హేస్ స్టేషనులో రైళ్ళ రాకపోకలను చూపే స్టీరియో చలనచిత్రం కూడా తీశారు. అయితే ఇ.ఎం.ఐ. తన దృష్టిని టెలివిజన్‌పైకి మరల్చడంతో ఈ పరిశోధన ఆగిపోయింది.

టెలివిజన్, రాడార్

ఐజాక్ షోన్‌బర్గ్ నాయకత్వంలో 405 గీతల టెలివిజన్ విధానాన్ని తయారుచేసిన బృందంలో బ్లమ్‌లైన్ ప్రముఖుడు. బి.బి.సి. 1936 నవంబరు 2న ప్రారంభించిన టెలివిజన్ ప్రసారాలలో ఈ విధానాన్ని ఉపయోగించింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, చీకటిలోను మేఘాలపైనుండి కూడా నేలను చూపగల హెచ్2ఎస్ అనే విమాన రాడార్ తయారీలో పాల్గొన్నాడు.

మరణము

1942 జూన్ 7న ఈ రాడార్‌ను పరీక్షించడానికి బయలుదేరిన హాలిఫాక్స్ విమానం ఇంగ్లండులోని వెల్ష్ బిక్‌నోర్ గ్రామం వద్ద కూలిపోయింది. బ్లమ్‌లైన్‌తో సహా అందులోని 11 మందీ మరణించారు. ఇంజనులో ఒక నట్టు సరిగా బిగించకపోవడం వలన వాల్వు విరిగి మంటలు రేగినట్లు విచారణలో తేలింది. యుద్ధ రహస్యం కావడంతో ప్రభుత్వం ఈ వార్తను అప్పట్లో ప్రకటించలేదు. ఈయనకు భార్య, ఇద్దరు కుమారులు ఉన్నారు. హెచ్2ఎస్ రాడార్ 1943 జనవరిలో యుద్ధరంగంలో ప్రవేశించింది.

సౌండ్ కార్డులలో బ్లమ్‌లైన్ సూత్రాలు

స్టీరియో రికార్డులు 1957-58లో మార్కెట్టులోకి వచ్చాయి. అప్పటికి బ్లమ్‌లైన్ పేటెంటు గడువు తీరిపోయింది. గాడిలో రెండు గోడల పద్ధతినే పరిశ్రమ అనుసరించింది.

1991లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ ప్రో వంటి కార్డులతో కంప్యూటర్ ఆటలలో స్టీరియో వ్యాపించింది. ఆటలో శత్రువు ఎడమ ప్రక్క ఉంటే ఎడమ స్పీకరులో ధ్వని బలం పెంచడమే ఇందులోని కిటుకు. తరువాతి చవక కార్డులలోని 3డి మీట చాలావరకు రెండు ధ్వనుల భేదాన్ని పెంచి, ధ్వని స్పీకర్ల వెలుపలకు విస్తరించిన భ్రాంతిని కలిగించేది. 1997లో ఆరియల్ సంస్థ కార్డులలోని ఎ3డి విధానము చెవి ఆకృతి ప్రభావాన్ని కూడా గణించింది. 1998లో సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డు ఈఏఎక్స్ పేరుతో గదులలోని ప్రతిధ్వనిని జోడించింది.

2007లో విడుదలైన విండోస్ విస్టాలో ధ్వని వ్యవస్థను తిరిగి నిర్మించినప్పుడు, ఆటలు డైరెక్ట్‌సౌండ్ ద్వారా కార్డును నేరుగా వినియోగించే మార్గం తొలగిపోయింది. దానితో పాత ఆటలలో ఈ ప్రభావాలు వినబడకుండా పోయాయి. అందుచేత పాత కార్డులను పనిచేయించేవారు విండోస్ 98 లేదా ఎక్స్‌పీని, ఆ కాలపు డ్రైవర్లను ఉపయోగిస్తారు. కొత్త విండోస్‌లో అయితే క్రియేటివ్ సంస్థవారి ఆల్కెమీ వంటి అనువాదక సాఫ్ట్‌వేరు అవసరమవుతుంది. హెడ్‌ఫోనుకు, స్పీకర్లకు వేర్వేరు గణన జరుగుతుంది కనుక డ్రైవరులో సరైన ఎంపిక చేయకపోతే దిశ తప్పుగా తోస్తుంది. రెండు స్పీకర్ల ధ్వనీ ప్రతి చెవికీ చేరుతుందని 1931లో బ్లమ్‌లైన్ గుర్తించిన విషయమే దీనికి కారణం.

గుర్తింపు

1977లో లండన్‌లోని ఈలింగ్‌లో ఈయన నివసించిన ఇంటిపై స్మారక ఫలకం ఏర్పాటు చేశారు. 2015లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ అబ్బీ రోడ్ స్టూడియోలో స్టీరియో ఆవిష్కరణకు గుర్తుగా మరొక ఫలకం ఆవిష్కరించింది. 2017లో మరణానంతరం ఈయనకు సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది.