కత్తెర పట్టిన చిత్రకారుడు హెన్రీ మతీస్

మన సొసైటీ సంచికలో ఏటా ఒక ప్రసిద్ధుని జీవితం వేయడం ఆనవాయితీగా వస్తున్నది. కవులు, హకీములు, స్వాతంత్ర్య సమరయోధులు అయ్యారు. ఈ పర్యాయం మేము ఒక చిత్రకారుని గూర్చి రాయదలిచాము. పేరు హెన్రీ మతీస్. ఫ్రాన్సు దేశస్థుడు. ఆయన పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. ఎక్కడి మనిషి, మనకేం పని అని కొందరు అడగవచ్చు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒక్క ఆపరేషను జరిగితే చాలు, ఇక మా పని అయిపోయిందని మంచం పట్టేయడం అందరం చూస్తూనే ఉన్నాము. ఈయన 71వ ఏట అలాంటి స్థితిలోనే పడి, నిలబడి కుంచె పట్టలేక, కత్తెర పట్టారు. ఈనాడు ఆయన పేరు చెప్పగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ కత్తెర పనే.

మతీస్ 1869 డిసెంబరు 31వ తేదీన ఉత్తర ఫ్రాన్సులో ల కతో అనే చిన్న ఊళ్ళో జన్మించారు. పెరిగింది దగ్గరలోని బోహేన్‌లో. అది నేతగాళ్ళ ఊరు. పారిస్‌లోని ఖరీదైన దుకాణాలకు కావలసిన బట్టలు అక్కడి మగ్గాల మీద తయారయ్యేవి. ఆయన పూర్వీకులు కూడా నేతపని చేసినవారే. తండ్రి మాత్రం ధాన్యం, విత్తనాల వ్యాపారి. ఆ దుకాణంలోనే గోడలకు, తలుపులకు వేసే రంగులు తల్లి అమ్మేది. అంటే రంగుబట్టల మధ్య, రంగుడబ్బాల మధ్య పెరిగిన పిల్లవాడన్నమాట. ఈ సంగతి చదువరులు కాస్త గుర్తుపెట్టుకోవాలి.

తండ్రి కోరిక మీద పారిస్ వెళ్ళి లా చదివి, 1888లో పరీక్ష ప్యాసై, ఒక ప్లీడరు ఆఫీసులో గుమాస్తాగా చేరారు. ఇరవయ్యో ఏట అపెండిసైటిస్ వచ్చి మంచాన పడ్డారు. పొద్దు గడవడానికని తల్లి ఒక రంగుల పెట్టె కొనిచ్చింది. అంతే, లా పుస్తకాలు మూతపడ్డాయి. విచిత్రమేమంటే ఈ మనిషి జీవితం రెండుసార్లు మలుపు తిరిగితే రెండుసార్లూ రోగశయ్య మీదనే తిరిగింది.

1891లో తండ్రిని ఎలాగో ఒప్పించి మళ్ళీ పారిస్ చేరారు. బొమ్మల కాలేజీ ప్రవేశపరీక్ష మొదట తప్పారు. గుస్తావ్ మొరో అనే ఉస్తాద్ దగ్గర చేరాక చేయి తిరిగింది. 1898లో అమేలీతో వివాహమైంది. ఆమె టోపీల దుకాణం పెట్టి సంసారం ఈదింది. 1899లో సెజాన్ అనే గొప్ప చిత్రకారుడు వేసిన చిన్న బొమ్మ ఒకటి కొనడానికి ఆమె తన ఉంగరం తాకట్టు పెట్టింది. ఆ ఉంగరం మళ్ళీ చేతికి రాలేదు. ఆ బొమ్మను మాత్రం 37 ఏళ్ళు ఇంట్లో ఉంచుకొని, 1936లో పారిస్ నగర మ్యూజియానికి దానంగా ఇచ్చారు. ఎంత కటకటలోనూ అమ్మలేదు.

1905లో పారిస్ ప్రదర్శనలో ఆయన, ఆయన మిత్రులు పెట్టిన చిత్రాలు చూసి జనం నవ్వారు. ఆడమనిషి ముఖానికి పచ్చరంగు, నీలిరంగు ఏమిటని! ఒక విమర్శకుడు వీళ్ళను అడవిమృగాలతో పోల్చాడు, ఆ పేరే స్థిరపడిపోయింది. ఈ గొడవ గురించి పుస్తకాల నిండా ఉంది కనుక మేము పెంచడం లేదు.

మనవాళ్ళు తెలుసుకోవలసిన విషయం ఆ తర్వాత ఉంది. 1910లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ముస్లిం దేశాల కళల మీద పెద్ద ప్రదర్శన జరిగింది. తివాచీలు, లోహపు పాత్రలు, చేతిరాత గ్రంథాలలోని చిన్న చిత్రాలు కలిపి మూడున్నర వేలకు పైగా వస్తువులు పెట్టారు. మతీస్ పనిగట్టుకొని వెళ్ళి చూశారు. ఆ సంవత్సరం చివరనే స్పెయిన్ వెళ్ళి గ్రనాడాలో అల్హంబ్రా భవనాన్నీ చూశారు. నీడలు వేసి లోతు చూపించడమే గొప్పతనమని యూరప్ వాళ్ళు నాలుగు వందల ఏళ్ళు నమ్మారు. మన తివాచీలో నీడ ఉండదు. పువ్వు పక్కన పువ్వు, ఎరుపు పక్కన నీలం, అన్నీ ఒకే తలం మీద ఉంటాయి, అయినా కన్ను ఎక్కడా విసుగుపడదు. ఈ రహస్యం ఆయనకు బాగా పట్టుబడింది. దీన్ని బట్టి ఆయన మనవాడైపోయాడని డప్పు కొట్టుకోవడం మాకు ఇష్టం లేదు. నేర్చుకున్నాడు, ఎక్కడ నేర్చుకున్నాడో దాచలేదు, అంతే.

1912 జనవరిలో మొరాకోలోని టాంజియర్ నగరానికి వెళ్ళారు. వెలుగు కోసం వెళ్తే మొదటి రోజులన్నీ వాన. హోటల్ గదిలో కూర్చొని పూలకుండీ వేశారు. వాన తెరిపిచ్చాక వీధులు, తోటలు, కోట తలుపు వేశారు. ఆ ఏడు చివరన మళ్ళీ వెళ్ళి 1913 దాకా ఉన్నారు. రెండోసారి మొదలుపెట్టిన ఒక కాఫీఖానా చిత్రం ఇప్పుడు రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. మొదట అందులో కూర్చున్నవాళ్ళ చెప్పులు, పొగగొట్టం, ముఖాల్లో కళ్ళు ముక్కు, రకరకాల రంగుల దుస్తులు అన్నీ ఉండేవట. ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చారు. చివరకు మిగిలినవి ప్రశాంతంగా కూర్చున్న ఆకారాలు, ముఖాల స్థానంలో వట్టి రంగు. తీసేయడం కూడా పనే అని ఆయన అక్కడ నేర్చుకున్నట్టు మాకు తోస్తుంది. ముప్పై ఏళ్ళ తర్వాత కత్తెర చేసింది ఆ పనే కదా.

ప్రయాణాల నుంచి ఆయన బట్టలు కూడా తెచ్చుకునేవారు. ముఖ్యంగా ఉత్తర ఆఫ్రికాలో గోడలకు వేలాడదీసే పరదాలు. ఒక రంగు గుడ్డను కమానులాగా కత్తిరించి, ఇంకో రంగు గుడ్డ మీద పెట్టి కుట్టినవి. అవి ఆయన పనిగదిలో ఏళ్ళ తరబడి వేలాడాయి.

కాగితం కత్తిరింపు ఆయనకు మొదట సాయపు పని మాత్రమే. 1930లో అమెరికాలో బార్న్స్ అనే ధనికుడు తన చిత్రశాల గోడ కమానుల కింద నాట్యగత్తెల చిత్రం వేయమని అడిగాడు. నీస్ పట్టణంలో ఖాళీ గరాజు ఒకటి అద్దెకు తీసుకొని మొదలుపెట్టారు. అంత పెద్ద గుడ్డ మీద రంగు వేసి, చెరిపి, మళ్ళీ వేయడం అయ్యే పని కాదు. అందుకని రంగు కాగితాలను ఆకారాలుగా కత్తిరించి, గుడ్డకు గుండుసూదులతో గుచ్చి, అటూ ఇటూ జరిపి చూసుకునేవారు. ఇంత శ్రమపడ్డాక కొలతలు తప్పని తేలింది! మళ్ళీ మొదటినుంచి చేసి 1933లో ముగించారు. కొలత తప్పిన చిత్రం ఇప్పుడు పారిస్‌లో మ్యూజియంలో ఉంది.

1941 జనవరిలో లియోన్ నగరంలో పేగు క్యాన్సరుకు ఆపరేషను జరిగింది. తర్వాత రక్తం గడ్డలు కట్టి ప్రాణం మీదికి వచ్చింది. చేసుకోవలసిన పని ఉందని, మూడు నాలుగేళ్ళ వ్యవధి చాలునని డాక్టర్లను వేడుకున్నారట. దాదాపు పద్నాలుగేళ్ళు దొరికింది. అయితే ఆ పద్నాలుగేళ్ళూ ఎక్కువ భాగం మంచంలోనో, చక్రాల కుర్చీలోనో గడిచాయి. ఈజిల్ ముందు గంటల తరబడి నిలబడే యోగం ఇక లేదు.

ఇక పని జరిగే తీరు చెబుతాము. గువాష్ అని ఒక నీటిరంగు ఉంది. వెనకది కనిపించనివ్వకుండా దట్టంగా పరుచుకుంటుంది. ఈనాడు పిల్లలు స్కూళ్ళలో వాడే యాక్రిలిక్ రంగులు ఆయన పోయిన తర్వాతే విరివిగా వచ్చాయి. ఆయన దగ్గర పనిచేసే అమ్మాయిలు ఆయన చెప్పిన వర్ణాలలో తెల్ల కాగితాలకు వెడల్పు కుంచెతో ఈ రంగు పూసి, ఆరబెట్టి, ముడతలు పోవడానికి బరువు కింద పెట్టేవారు. ఆరిన కాగితాలు సిద్ధంగా ఉండేవి. మతీస్ అందులో ఒకటి తీసుకొని, పెన్సిలు గీత ఏదీ లేకుండా, గాలిలోనే కత్తిరించేవారు. ఆ కాలపు ఫిల్ములో ఇది చూడవచ్చు. కత్తెర టకటక కొట్టుకోదు, నోరు తెరుచుకొనే జారుతుంది. కత్తెర పట్టిన చేయి కంటే కాగితం పట్టిన చేయి ఎక్కువ తిరుగుతుంది. మా మొహల్లాలో పాత దర్జీ సాహెబు పట్టుబట్ట కోసేటప్పుడు సరిగ్గా ఇలాగే చేసేవారు. దర్జీకి సుద్దగీత ఉంటుంది, ఈయనకు అదీ లేదు.

కత్తిరించిన ముక్కను అమ్మాయిలు గోడకు పట్టుకుంటే, ఈయన కుర్చీలో నుంచి పైకి, కిందికి, ఇంకాస్త ఎడమకు అని చెప్పేవారు. కుదిరినచోట సూది గుచ్చేవారు. మర్నాడు నచ్చకపోతే సూది పీకి మార్చేవారు. ఒక్కొక్క ముక్కకు ఎన్నో రంధ్రాలు. ఆకారం సన్నగా ఉందనిపిస్తే అదే రంగు ముక్క చేర్చేవారు, లావైతే కోసేవారు. లోపలి బొమ్మ తీశాక మిగిలిన చిల్లు కాగితం కూడా పారేయకుండా ఇంకోచోట వాడిన సందర్భాలున్నాయి. జిగురు అంటించడం ఆఖరున. చాలా చిత్రాలకు ప్రతి ముక్క స్థానాన్ని పలచని కాగితం మీద గుర్తు పెట్టుకొని, పారిస్‌లో నిపుణులచేత అంటింపించారు. రెండు నిమిషాలలో కత్తిరించిన ఆకు నెలల తరబడి గోడ మీద తన చోటు వెతుక్కునేది.

మేము బడిలో ఏడో తరగతి పిల్లలచేత ఇది చేయించి చూశాము. మొదటి రోజు అందరూ పెన్సిలు అడిగారు. ఇవ్వము అన్నాము. ఇద్దరు ఏడుపు ముఖం పెట్టారు, ఒకడు గోటితో గీత గీసుకొని దొరికిపోయాడు. వారం పోయాక ఒక అమ్మాయి జామాకు ఒక్క ఊపున కత్తిరించింది. చిన్నపిల్లల ఆట అని దీన్ని ఎవరైనా తీసిపారేస్తే, ఒకసారి కత్తెర పట్టి చూడమని మా మనవి.

1943, 44లలో ఈ పద్ధతిలో సర్కస్ మొదలైన విషయాల మీద చేసిన 20 చిత్రాలను తెరియాద్ అనే ప్రచురణకర్త 1947లో జాజ్ అనే పేరుతో పుస్తకంగా వేశాడు. మధ్య మధ్య మాటలు మతీస్ పెద్ద పెద్ద అక్షరాలతో స్వయంగా రాశారు. రంగు తేడా రాకూడదని అదే రకం గువాష్‌తో అచ్చు వేశారు. అయినా ఆయనకు తృప్తి కలగలేదు. అతికించిన కాగితపు అంచుల్లో ఉండే జీవం అచ్చులో చచ్చిపోయిందని బాధపడ్డారు. కత్తిరించిన కాగితం దేనికో నమూనా కాదు, అదే అసలు చిత్రం అని ఆయనకు గట్టిపడింది దీనితోనే.

ఆ రోజులు యుద్ధపు రోజులని మరచిపోరాదు. 1940లో బ్రెజిల్ వెళ్ళడానికి వీసా చేతిలో ఉన్నా దేశం విడవలేదు. నీస్ మీద బాంబుల భయంతో 1943లో వాన్స్ అనే కొండ ఊరికి మారారు. 1944 ఏప్రిల్‌లో జర్మన్ పోలీసులు భార్య అమేలీని, కూతురు మార్గరీత్‌ను అరెస్టు చేశారు. ఇద్దరూ రహస్యంగా ప్రతిఘటన ఉద్యమానికి పనిచేస్తున్నారు. అమేలీ ఆరు నెలలు జైల్లో ఉంది. మార్గరీత్‌ను చిత్రహింసలు పెట్టి, జర్మనీ శిబిరానికి పోయే రైలు ఎక్కించారు. దారిలో బయటపడింది. ఇల్లాలు, బిడ్డ చెరలో ఉండగా రంగుకాగితాలు ఎలా కత్తిరించగలిగాడని మమ్మల్ని ఒక మిత్రుడు నిలదీశాడు. మా దగ్గర జవాబు లేదు. మంచంలో ఉన్న మనిషి మరేం చేయగలడని ఒక మనసు అంటుంది, మరో మనసు ఒప్పుకోదు. 1945 జనవరిలో మార్గరీత్ వచ్చి జరిగిందంతా చెప్పినప్పుడు తండ్రి ఆమె ముఖాన్ని మళ్ళీ మళ్ళీ గీశారు.

భార్యతో ఆయన కాపురం 1939లోనే విడిపోయింది. టోపీలు అమ్మి పోషించిన ఇల్లాలికి ఇది న్యాయం కాదని మా అభిప్రాయం. 1932లో సహాయకురాలిగా చేరిన లిడియా దెలెక్తొర్స్కాయా అనే రష్యన్ మహిళ ఆయన పోయేదాకా రంగు పూయించడం, సూదులు గుచ్చడం, లెక్కలు, మందులు అన్నీ చూసుకుంది. ఆమె లేకపోతే ఈ కాగితపు చిత్రాలలో సగం ఉండేవి కావు.

1946లో పారిస్ ఇంట్లో ఉండగా గోడ మీద మరక ఒకటి కనిపించింది. దాన్ని కప్పడానికి ఉత్తరాల కాగితంతో ఒక పిచ్చుక వంటి పిట్టను కత్తిరించి అంటింపించారు. తర్వాత చేప, నాచు, పగడం చేరాయి. పదహారేళ్ళ కిందట చూసిన తాహితి సముద్రం గోడంతా పరుచుకుంది. 1951లో పూర్తయిన వాన్స్ ప్రార్థనామందిరం రంగుగాజు కిటికీలకు కూడా నమూనాలు కాగితాలతోనే చేశారు.

1952 ఎండాకాలంలో ఈతగాళ్ళను చూడాలని ముచ్చటపడి కారులో కాన్ నగరానికి వెళ్ళారు. ఎండ తట్టుకోలేక తిరిగి వచ్చేసి, తన ఈతకొలను తానే చేసుకుంటానని నీలికాగితాలు తెప్పించారు. నీస్ లోని నివాసంలో భోజనాల గది గోడ చుట్టూ తెల్లకాగితపు పట్టీ, దాని మీద నీలి ఈతగత్తెలు, చేపలు. పొడవు 16 మీటర్లు. ఇది ఇప్పుడు న్యూయార్కు మ్యూజియంలో ఉంది. వెనక ఉన్న గోనెగుడ్డ నల్లబడితే 2008లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి బాగుచేసి 2014లో మళ్ళీ చూపించారు. ఆ ఏడే లండన్‌లో ఆయన కత్తిరింపుల ప్రదర్శనకు 5 లక్షలకు పైగా జనం వచ్చారు. ఆయన బతికుండగా ఇది ముసలివాడి కాలక్షేపమని చప్పరించిన విమర్శకులు ఉన్నారు.

చివరగా చేసినది న్యూయార్కుకు దగ్గరలోని ఒక చర్చికి గుండ్రని కిటికీ నమూనా. 1954 నవంబరు 3వ తేదీన, 84వ ఏట, నీస్‌లో మతీస్ కన్నుమూశారు. కాగితపు నమూనా అప్పటికి తయారై ఉంది. గాజు కిటికీ 1956లో బిగించారు.